బడి పిల్లల పని – కూలా, సేవా?

(నడిగడ్డలోని ఒక మండల కేంద్రంలో మే నెలలో జరిగిన రైతు కుటుంబాల సభలో, సంఘ సభ్యులైన ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)



నాకు ఇచ్చిన అంశం "చదువుకునే పిల్లలు సెలవుల్లో కూలి పనికి పోవాలా, సేవా పనులు చేయాలా" అని. కరపత్రంలో ఇది చూసి ఒక పెద్దమనిషి నన్ను బస్టాండు దగ్గర ఆపాడు. "సారూ, ఇది పట్నం పిల్లల ముచ్చట గదా, మన సంఘానికెందుకు?" అన్నాడు. ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. పట్నంలో ఇంటర్ చదివే పిల్లవాడు వేసవిలో ఏదో ఒక సంస్థకు పోయి నెల రోజులు సాయం చేస్తే చేతికి ఒక సర్టిఫికెట్ వస్తుంది. రేపు పెద్ద కాలేజీకి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు దాన్ని జతచేస్తాడు. మన దగ్గర పదిహేనేళ్ల ఆడపిల్ల పొద్దున లేచి వాకిలి ఊడ్చి, బోళ్లు తోమి, తమ్ముణ్ణి తయారుచేసి, చేనికి సద్ది మోసి, అప్పుడు బడికి వస్తుంది. ఆ పనికి కూలి లేదు, సర్టిఫికెట్టూ లేదు. దాన్ని సేవ అని ఎవరూ అనరు. "ఇంట్ల పని గదా" అంటారు, అంతే.

అందుకే ఈ ప్రశ్న మన ఊరికి వచ్చేసరికి తిరగబడుతుంది. కూలి ఇచ్చామా లేదా అన్నదానికన్నా ముందు, ఆ పని బడి రోజును తిన్నదా అని అడగాలి. తింటే, దానికి కూలి అని పేరు పెట్టినా, సేవ అని పెట్టినా తేడా లేదు. తినకపోతే, అప్పుడు కూలి సంగతి మాట్లాడదాం. అప్పుడు కూడా నేను పిల్లల పక్షానే, అంటే కూలి పక్షానే మాట్లాడతాను. ముందే చెప్తున్నాను, తర్వాత ఎవరూ నొచ్చుకోవద్దు. ఎందుకంటే ఈ సభలో తల్లిదండ్రులుగా కూర్చున్న మనమే, ఆగస్టు వచ్చేసరికి వేరేవాళ్ల పిల్లలకు యజమానులం అవుతాం.

విత్తన పత్తి సంగతే తీసుకుందాం. ఇక్కడ ఉన్నవాళ్లకు క్రాసింగ్ గురించి చెప్పనక్కర్లేదు. కానీ ఈ మాటలు మన మాసపత్రికలో వేస్తామన్నారు, వేరే జిల్లాల మిత్రులు చదువుతారు, వాళ్ల కోసం రెండు ముక్కలు. పత్తి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. వదిలేస్తే చాలావరకు తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే, ఆడ రకం సాళ్లలో రేపు పొద్దున విచ్చుకోబోయే మొగ్గను ఇవాళ మధ్యాహ్నం తర్వాత గుర్తుపట్టాలి. గోటితో రేకులనూ పుప్పొడి తిత్తులనూ వలిచేసి, లోపలి కీలానికి దెబ్బ తగలకుండా చూడాలి. మరునాడు పొద్దున మగ రకం పువ్వు తెచ్చి ఆ కీలానికి పుప్పొడి అంటించాలి. ప్రతి మొగ్గకూ ఇదే పని. రోజూ, రెండు మూడు నెలల పాటు. ఎకరానికి పది మంది దాకా కావాలి. 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రం నుంచి సి.టి. పటేల్ హెచ్-4 అనే రకాన్ని తెచ్చారు. ప్రపంచంలో వ్యాపార స్థాయిలో సాగులోకి వచ్చిన మొట్టమొదటి పత్తి హైబ్రిడ్ అదే. అప్పటినుంచి ఇప్పటిదాకా మన దేశంలో హైబ్రిడ్ పత్తి చాలావరకు ఈ గోటి పని మీదే నిలబడి ఉంది. ల్యాబుల్లో ఎన్ని జన్యువులు మార్చినా, చివరికి ఆ ప్యాకెట్‌లోకి పోయే గింజను పుట్టించింది ఒక మనిషి వేలు.

ఆ వేలు ఎవరిది? దావులూరి వెంకటేశ్వర్లు గారు 1990ల చివరి నుంచి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తన పత్తి చేలలో తిరిగి వరుసగా నివేదికలు రాశారు. ఆ చేలల్లో పనిచేసేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ అని అప్పట్లో దేశమంతటికీ తెలిసింది ఆ నివేదికల వల్లనే. తర్వాత చాలా మార్పు వచ్చింది, కాదనను. పదేళ్ల పిల్లలు చేలో కనబడటం బాగా తగ్గింది. కానీ పద్నాలుగు, పదిహేను, పదహారేళ్ల పిల్లలు? వాళ్లను మనం లెక్కలోకే తీసుకోం. "పెద్దపిల్లయింది గదా" అంటాం.

"ఆడపిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి సారూ, మొగ్గ విరగదు" అని నాతో ఎంతమంది అన్నారో లెక్క లేదు. నలభై ఏళ్ల అక్క చేటలో బియ్యం పోసుకొని మట్టిబెడ్డను ఏరుతుంది, నువ్వుల్లో గడ్డి గింజను పట్టుకుంటుంది. ఆ వేళ్లకు మొగ్గ వలవడం రాదా? వేళ్ల సంగతి కాదు ఇది. పిల్ల ఎదురు మాట్లాడదు, నీళ్లకని పోయి పావుగంట కూర్చోదు, కూలి పెంచమని అడగదు. పెద్దామె అడుగుతుంది. అసలు కారణం అది. ఈ మాట మనం మనలో మనం అనుకునేదే, మైకులో చెప్పేసరికి కొంచెం గట్టిగా వినబడుతోంది.

నేను ముప్పై ఏళ్లు పంతులు పని చేశాను. జెండా పండుగ నాడు నిండుగా ఉండే తొమ్మిదో తరగతి, వినాయక చవితి దాటేసరికి సగం ఖాళీ. హాజరు పట్టీ చూస్తే మొగ్గ ఎప్పుడు వచ్చిందో చెప్పొచ్చు, వ్యవసాయాధికారిని అడగనక్కర్లేదు. దసరా సెలవులు అయ్యాక కొందరు తిరిగి వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లకు లెక్కల్లో రెండు పాఠాలు పోయి ఉండేవి. బీజగణితంలో రెండు పాఠాలు పోతే మూడో పాఠం అర్థం కాదు. అర్థం కాకపోతే పిల్లకు బడి అంటే సిగ్గు. మరుసటి ఏడు ఆ పిల్ల పేరు పట్టీలో ఉంటుంది, పిల్ల ఉండదు. ఒక్కరోజులో బడి మానేసిన పిల్లను నేను చూడలేదు, అందరూ ఇట్లా ఒక సీజన్ తర్వాత ఒక సీజన్‌లో జారిపోయినవాళ్లే.

ఇక చట్టం సంగతి. చట్టం ఈ వయసు పిల్లల దగ్గరకు వచ్చేసరికి కాస్త తడబడింది. విద్యా హక్కు చట్టం, 2009లో వచ్చింది, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకే హామీ ఇచ్చింది. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం పద్దెనిమిది నిండినవారికే పని ఇస్తానంది. నడుమ నాలుగేళ్లు పిల్లలు ఎవరికీ చెందరు. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించి, పద్నాలుగు లోపువాళ్లను ఏ పనిలోనూ పెట్టరాదన్నారు. బడి వేళలు కాని సమయంలో సొంత కుటుంబానికి సాయపడటానికి మాత్రం మినహాయింపు ఉంచారు. పద్నాలుగు నుంచి పద్దెనిమిది వరకు గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియలు నిషేధం, మిగతావి చేయొచ్చు అన్నారు. దీన్ని చూపించి ఆర్గనైజర్లు "పదిహేనేళ్లు నిండింది, చట్టం ఒప్పుకుంటుంది" అంటున్నారు.

ఒప్పుకుంటుంది నిజమే, ఎట్లా ఒప్పుకుంటుందో కూడా చదవాలి కదా. ఆ చట్టంలోనే ఈ వయసు పిల్లలకు పని వేళలు రాసి ఉన్నాయి. మూడు గంటలు చేశాక గంట విరామం ఇవ్వాలి. విరామం, ఎదురుచూపు అన్నీ కలుపుకొని రోజుకు ఆరు గంటలు దాటకూడదు. రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా పని చేయించరాదు. వారానికొక రోజు సెలవు. ఇవి దుకాణాలకు, హోటళ్లకే అనుకోవద్దు, నిర్వచనంలో పొలం అనే మాట కూడా ఉంది. ఇప్పుడు క్రాసింగ్ రోజును దీని పక్కన పెట్టండి. పొద్దున పుప్పొడి అంటించాలి, సాయంత్రం మొగ్గ వలవాలి. ఎనిమిదింటికి చేలో దిగిన పిల్ల ఆరింటికి ఇంటికి పోతుంది. పది గంటలు. పిల్లకు పదహారేళ్లు నిండినా అది చట్టం ఒప్పుకున్న పని కాదు. పైగా జూన్‌లోనే తండ్రికి అడ్వాన్సు ఇచ్చి పిల్ల పనిని కట్టేసుకుంటే, అది 1976 నాటి వెట్టి కార్మిక నిర్మూలన చట్టం కిందికి పోతుంది. వెట్టి అనే మాట విని నవ్వుకోకండి. మన తాతలు దొర గడీకి ఊరికే చేసినదే వెట్టి అనుకుంటాం. అప్పు చూపించి పని కట్టేసుకోవడం కూడా అదే జాతి.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే నేను రైతును దొంగను చేసి పోయినట్టే అవుతుంది. అది నా ఉద్దేశం కాదు. విత్తన పత్తి వేసిన రైతుకు కంపెనీతో నేరుగా ఒప్పందం ఉండదు, నడుమ ఆర్గనైజరు ఉంటాడు. ధర వాళ్లు చెప్తారు. విత్తనం పరీక్షలో తప్పిందంటే మొత్తం పోతుంది. ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు కూలి. ఆ సేకరణ ధర పెద్దల కూలిని మోసేటట్టు లేదు కాబట్టే పిల్లలు చేలోకి వచ్చారని వెంకటేశ్వర్లు గారి నివేదికలు కూడా చెప్పాయి. గొడవ బయటి దేశాల పత్రికలకెక్కాక, 2005 ప్రాంతంలో కొన్ని పెద్ద కంపెనీలు పిల్లలను పెట్టని రైతుకు సేకరణ ధర మీద అయిదు శాతం బోనస్ ఇస్తామన్నాయి, పెట్టిన రైతును జాబితా నుంచి తీసేస్తామన్నాయి. శిక్ష రైతుకు, మంచి పేరు కంపెనీకి. అయిదు శాతంతో పిల్ల కూలికీ పెద్దామె కూలికీ ఉన్న తేడా పూడుతుందో లేదో మీరే మీ పుస్తకంలో వేసి చూసుకోండి. కాబట్టి మన సంఘం కంపెనీల ముందు పెట్టే ధరల పట్టికలో క్రాసింగ్ కూలి అంటే పెద్దల కూలి అని రాయాలి. పిల్లల కూలితో లెక్క వేసి ధర అడిగితే, మనమే వాళ్లకు తక్కువ ధర కాగితం రాసిచ్చినట్టు.

లెక్క అన్నాను కాబట్టి ఇంకో లెక్క. మద్దతు ధర గురించి మనం ఎన్ని ధర్నాలు చేశాం! ఏ2 అంటే రైతు చేతినుంచి పెట్టిన ఖర్చు. ఎఫ్‌ఎల్ అంటే ఇంటివాళ్ల శ్రమకు కట్టిన విలువ. సీ2 అంటే వాటికి సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపినది. 2018 బడ్జెట్‌లో ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇస్తామన్నారు, తీరా చూస్తే అది ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్ మీద. మనం అడుగుతున్నది సీ2 మీద యాభై శాతం. సరే. ఇందులో ఆ ఎఫ్‌ఎల్ ఎవరిది? మీది, మీ ఇంటామెది, సెలవు రోజు కలుపు తీసిన మీ కూతురిది, బడి నుంచి వచ్చి ఎద్దులకు నీళ్లు పెట్టిన మీ కొడుకుది. ఢిల్లీలో కూర్చున్న కమిషన్ కూడా ఆ శ్రమకు ఒక కూలి రేటు కట్టి ఖర్చులో రాస్తుంది. "ఊరికే చేశారు కదా, సున్నా వేద్దాం" అనదు. అంటే మనం ఊరుకోం. మరి మన ఇంట్లో ఆ పిల్ల "నాన్నా, కంపాస్ బాక్సు కొనాలి" అంటే "డబ్బులు చెట్టుకు కాస్తున్నాయా" అంటామే, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ధర్నాలో కలిపిన ఎఫ్‌ఎల్‌ను ఇంటికి వచ్చేసరికి తీసేశాం.

సొంత చేలో చేసిన పనికి పిల్లలకు రోజు కూలి లెక్కగట్టి ఇవ్వమని నేను అనడం లేదు. ఇల్లు ఫ్యాక్టరీ కాదు. రైతుబిడ్డకు చేను మొహం తెలియాలి, నాగలి కాకపోయినా కనీసం డ్రిప్ పైపు ఎక్కడ మూసుకుపోయిందో తెలియాలి. నేను చెప్పేది, ఆ పని ఇంటి పుస్తకంలో ఎక్కించండి. ఆ పిల్ల చేతే ఎక్కించండి. ఎవరు ఏ రోజు ఎన్ని గంటలు ఏ పని చేశారు, ఎరువు ఎంత, మందు ఎంత, డీజిల్ ఎంత. ఒక పంటకాలం అట్లా రాసిన పిల్లకు మనకన్నా వ్యవసాయం బాగా తెలుస్తుంది. సంఘానికి కూడా అధికారుల ముందు పెట్టడానికి సొంత లెక్కలు దొరుకుతాయి. పంట అమ్మిన నాడు ఆ పిల్ల వాటా అని ఎంతో కొంత, ఆ పిల్ల పేరు మీద వేయండి. పదేళ్లు దాటిన మైనరు తన సేవింగ్స్ ఖాతాను తానే నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే బ్యాంకులకు వీలు కల్పించింది. చాలా ఊళ్లలో ఈ సంగతి తెలియదు, తెలిసిన చోట కూడా తండ్రి సంతకమే నడుస్తోంది.

ఇప్పుడు సేవ సంగతి. సేవకు నేను వ్యతిరేకిని అనుకోకండి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు, ఎక్కడెక్కడి నుంచో విద్యార్థులు వెళ్లి పెద్దవాళ్లు ముట్టుకోవడానికి భయపడిన పనులు చేశారు. మనకు దగ్గరిదే, 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగి కర్నూలు, అలంపురం మునిగినప్పుడు, నీళ్లు తీసిన ఇళ్లలో బురద ఎత్తినవాళ్లలో మీసాలు రాని పిల్లలున్నారు. వాళ్లకు ఎవరు కూలి ఇచ్చారు? అడిగినా తీసుకునేవాళ్లు కాదు. నెల్లూరు జిల్లాలో 1991 ప్రాంతంలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, ఊళ్లో నాలుగు అక్షరాలు వచ్చిన యువతీయువకులు రాత్రిపూట లాంతరు పెట్టుకొని ఊరికే చదువు చెప్పారు. ఆ రాత్రి బడుల్లో కూర్చున్న దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. జీతం పుచ్చుకోని పంతుళ్లు చేసిన పని అది. జీతం పుచ్చుకున్న పంతులుగా నేను చెప్తున్నాను.

అయితే ఈ మూడు చోట్లా ఒకటి చూడండి. ఆ పిల్లలు ఎవరి కూలినీ కొట్టలేదు. బురద ఎత్తడానికి డబ్బిచ్చి మనిషిని పెట్టుకోగలిగినవాడు ఆ రోజు ఆ ఊళ్లో లేడు. డబ్బు పెట్టి చేయించుకోవలసిన పనిని పిల్లల చేత సేవ పేరుతో చేయించుకుంటే మాత్రం దానికి వేరే పేరుంది. కాలేజీలో ఎన్ఎస్ఎస్ ఉంది, 1969లో గాంధీ శతజయంతి ఏడాది మొదలైంది, ఏడాదికి నూట ఇరవై గంటలు, మంచి పథకం. ఆ పిల్లలను ఊరి చెరువు కట్ట మీద కంప కొట్టడానికి తీసుకుపోతే సంతోషం. ఒక కాంట్రాక్టరు బిల్లు పెట్టుకున్న కాలువలో పూడిక తీయడానికి తీసుకుపోతే, ఆ పిల్లలు ఊరికి సేవ చేయలేదు, కాంట్రాక్టరుకు చేశారు, పక్క వాడలో ఒక కూలి మనిషి పని పోగొట్టారు. సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో, కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకున్నా అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అంది. ఆకలి కూడా బలవంతమే అన్నది ఆ తీర్పు సారం.

ఈ గొడవ కొత్తది కూడా కాదు. 1937లో వార్ధాలో గాంధీగారు బడిలో చేతివృత్తి నేర్పాలి, పిల్లలు నూలు వడికితే వచ్చే డబ్బుతోనే పంతులు జీతం గడవాలి అన్నారు. ఆ పథకాన్ని రాసిన జాకీర్ హుస్సేన్ కమిటీయే, డబ్బు వైపే చూస్తూ పోతే చదువు వెనకబడే ప్రమాదం ఉందని హెచ్చరించింది. నాకెప్పుడూ అనిపిస్తుంది, నా జీతం పిల్లల కండెల మీద ఆధారపడి ఉంటే నేను పాఠం చెప్పేవాణ్ణా, మేస్త్రీలాగా వెనక నిలబడి కండెలు లెక్కపెట్టేవాణ్ణా అని. రెండోదే చేసి ఉండేవాణ్ణేమో. మనుషులం కదా.

మన పిల్లలు ఇప్పుడు చేస్తున్న నిజమైన సేవ ఒకటి మీకు కనబడటం లేదు, చెప్తాను. పోయిన సీజన్‌లో పత్తి అమ్మడానికి సీసీఐ వాళ్లు కపాస్ కిసాన్ అని యాప్ పెట్టారు. అందులో నమోదు చేసుకొని స్లాట్ తీసుకుంటేనే కొనుగోలు. మనలో ఎంతమందికి అది వచ్చింది? వీధిలో ఒక పదో తరగతి పిల్లో, ఇంటర్ పిల్లవాడో కూర్చొని పదిమందికి చేసిపెట్టారు. తేమ ఎనిమిది శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, పన్నెండు దాకా కోత పెట్టి కొంటారు, దాటితే కొనరు అని యార్డులో చదివి చెప్పింది కూడా వాళ్లే. మీసేవ సెంటరుకు పోతే ఒక్కో కాగితానికీ డబ్బు ఇస్తాం, ఇంటి పక్క పిల్లకు చాయ్ కూడా పోయం. దీన్ని సంఘం ఒక పద్ధతిలో పెడితే బాగుంటుంది. ఊరికి ఇద్దరు ముగ్గురు పిల్లలు, ఆదివారం రెండు గంటలు, సంఘం ఆఫీసులో. నెట్ ఖర్చు, రానుపోను ఛార్జీ సంఘం ఇవ్వాలి. ఒక్క జాగ్రత్త: ఓటీపీలు, ఖాతా నంబర్లు పిల్లల చేతిలో పెట్టొద్దు, రైతు పక్కనే కూర్చోవాలి. రేపు ఏదైనా డబ్బు పోతే మాట ఆ పిల్ల మీదికి వస్తుంది.

ఇందాక చాయ్ టైములో ఒక అక్క నన్ను పట్టుకుంది. "సారూ, నువ్వు చెప్పేది మంచిగనే ఉంది. బడికి సెలవులిచ్చిండ్రు. పిల్ల ఇంట్ల ఊకె కూసుంటే ఫోన్ల మునుగుతది. నాతోని కలుపుకు వస్తే రెండు వేళ్లు నోట్లకు పోతయి. తప్పా?" అని. తప్పు కాదక్కా. వేసవి సెలవుల్లో పదిహేనేళ్లు దాటిన పిల్ల తల్లి పక్కన ఒక పూట పనికి పోతే నేను కాదనను. పిల్లలు ఏ పనీ చేయకూడదు, పనీ బడీ ఒక ఒరలో ఇమడవు అని వాదించే పెద్దలున్నారు. శాంతా సిన్హా గారి ఎంవీ ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో ఆ మాట మీదే నిలబడి వేలమంది పిల్లలను బడికి తెచ్చింది, ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. చిన్నపిల్లల విషయంలో వాళ్లదే సరైన మాట, అందులో నాకు సందేహం లేదు. పదహారేళ్ల పిల్ల విషయంలో, ఆ ఇంటి పొయ్యి చూశాక, నేను అంత గట్టిగా అనలేను. కానీ అక్కా, ఆ పిల్లకు నీ కూలే ఇప్పించు. సగం కూలికి ఒప్పుకోవద్దు. 1948 నాటి కనీస వేతనాల చట్టమే పెద్దలకు ఒక రేటు, ఈ వయసువాళ్లకు ఒక రేటు పెట్టుకోవచ్చని సందు ఇచ్చింది, ఆ సందులోంచే సగం కూలి అలవాటు బతికింది. సాలుకు సాలు సమానంగా తీసినప్పుడు కూలి సగం ఎట్లా అవుతుంది? పిల్లకు పూర్తి కూలి ఇవ్వాల్సి వస్తే, పిల్లను పిలవడంలో రైతుకు లాభం ఉండదు. అప్పుడు పిల్ల రాకపోతే ఎవరూ కబురు పెట్టరు. మీ పెద్దల కూలి కూడా నిలబడుతుంది.

మగపిల్లలకు ఒక మాట. మీరు పెళ్లిళ్లకు క్యాటరింగ్ పనికి పోతున్నారని తెలుసు. రాత్రి ఒంటిగంట దాకా ప్లేట్లు మోసి, పొద్దున ఎక్కడ నిద్రపోతారో కూడా తెలుసు. ఆ డబ్బుతో ఫోను కొనుక్కున్నవాడు ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పను. నేను మిమ్మల్ని తిట్టను. ఎంతకు మాట్లాడుకున్నారో ఎక్కించుకోండి, ఎగ్గొట్టినవాడి పేరు సంఘానికి చెప్పండి. ఒక్క పని మాత్రం ఎవరు పిలిచినా పోవద్దు, మందు కొట్టే పని. 2017లో మహారాష్ట్ర యావత్‌మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. వాళ్లలో చాలామంది ఆ పనిలో చేయి తిరిగినవాళ్లే. తండ్రులకూ చెప్తున్నాను, సొంత చేనైనా సరే పంపు పిల్లవాడి భుజానికి తగిలించొద్దు.

కర్నూలు పశ్చిమం నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి మిర్చి కోతకు గుంటూరు పోయే కుటుంబాల మిత్రులు కూడా వచ్చారు. మీది ఇంకా కష్టం. కోత ముమ్మరంగా ఉండేది ఫిబ్రవరి, మార్చిలో, పదో తరగతి పరీక్షలు అప్పుడే. ఆ మూడు నెలలు పిల్లలను ఊళ్లో ఉంచడానికి సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు, కానీ తెరిచేసరికి సగం బండ్లు వెళ్లిపోయి ఉంటాయి. ఈ విషయం మీద వేరే తీర్మానం రావాలి, దీనితో కలిపితే చప్పబడుతుంది.

నేను అనుకున్న మాటలు అయిపోయాయి. భోజనం తర్వాత తీర్మానం మీ ముందుకు వస్తుంది. అందులో ఉన్నది ఇది: బడి ఉన్న రోజున పద్దెనిమిది నిండనివాళ్లను మన సభ్యులెవరూ క్రాసింగ్‌కు గానీ, ఏ కూలి పనికి గానీ పిలవరు. సెలవుల్లో వచ్చిన పెద్దపిల్లలకు చట్టం చెప్పిన వేళలే, పెద్దల కూలే, అదీ వాళ్ల చేతికే ఇస్తారు. పిల్లల పని మీద అడ్వాన్సు ఇవ్వరు, తీసుకోరు. కంపెనీలకు ఇచ్చే ధరల పట్టికలో కూలి పద్దు పెద్దల రేటుతో వేస్తారు. రెండో పేజీలో ఆదివారం సాయం గురించి ఉంది. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పండి, చప్పట్లు కొట్టి ఇంటికి పోయి మరిచిపోవద్దు. పిల్లలకు ఓటు లేదు గానీ, వాళ్లను కూడా మాట్లాడనివ్వాలని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. ఆర్గనైజర్లు అడ్వాన్సులు పట్టుకొని జూన్ మొదటి వారంలో ఊళ్లకు వస్తారు. తీర్మానం కాపీ ఆ లోపే ప్రతి ఊరికీ అందాలి. జిరాక్సులు కార్యదర్శి దగ్గర ఉన్నాయి, పోతూ పోతూ తీసుకుపోండి.